కుడి దూలం మీది చిల్లులు

అనకాపల్లి,
20 మార్చి 1947, గురువారం.

పూజ్యుడైన అన్నయ్య త్రినాధరావుకి,

చెల్లెలు నూకరత్నం నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మనింటి పద్ధతి. ఈసారి అలా రాస్తే అబద్ధమవుతుంది. మన డ్రైవరు దేముడు కుడిచెయ్యి మోచేతి దాకా కాలి ఆసుపత్రిలో ఉన్నాడు. కారు బండి బాగుచేసిన జియావుద్దీన్‌ని పోలీసులు రెండుసార్లు పిలిచి అడిగారు, మూడోసారి పిలిస్తే ఇంటికి పంపరని ఊళ్ళో అంటున్నారు. నాన్న అన్నం దగ్గర కూడా అరుస్తున్నారు. క్షేమంగా ఉన్నది మద్రాసులో నువ్వొక్కడివే.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నాన్న దాన్ని లోపల చదువుకుని ఊరుకోలేదు. అరుగు మీద బెల్లం వర్తకులు అయిదారుగురు కూర్చునుంటే వాళ్ళందరికీ వినబడేలా చదివారు. నీ డ్రాయింగులో తప్పు లేదనీ, చదవడం రాని మిస్త్రీ చేతిలో పెడితే ఇలాగే అవుతుందనీ రాశావు. అంతటితో ఆగినా బాగుండేది. పైగా రోజులు బాగా లేవు, ఎవరి చేతికి తాళాలిస్తున్నామో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి అని చివర ఒక వాక్యం తగిలించావు. ఆ వాక్యం దగ్గర నాన్న గొంతు తగ్గించారు. తగ్గించి చదివింది అందరికీ ఇంకా బాగా వినబడింది. ఆ సాయంత్రానికే ఫిర్యాదు తయారైంది, జియావుద్దీన్ కావాలనే బండి తగలబెట్టాడని. నీ వాక్యానికి కాళ్ళొచ్చి పోలీసు స్టేషను దాకా నడిచి వెళ్ళింది, అన్నయ్యా.

నువ్వక్కడ కూర్చుని చూడనిది నేనిక్కడ కళ్ళారా చూశాను. కాబట్టి మొదటినుంచీ రాస్తాను. విసుక్కోకుండా చదువు.

గొలుగొండ వైపు ఎస్టేటు వాళ్ళ దగ్గర నాన్న ఆ బండి కొన్నప్పుడు అది ఏ స్థితిలో ఉందో నీకు తెలుసు. యుద్ధంలో పెట్రోలు దొరక్క వాళ్ళు దానికి బొగ్గు గ్యాసు పొయ్యి బిగించారు. అసలు పెట్రోలు ట్యాంకు ఊడదీసి పశువులశాలలో పడేశారు. ట్యాంకు నుంచి ఇంజను దాకా వెళ్ళే రాగి గొట్టాలు పీకేసి ఎవరికో ఇచ్చేశారు. ఇంజను ముక్కు దగ్గరుండే సూపర్‌చార్జర్‌ని, అదే గాలిని బలవంతంగా లోపలికి తోసే యంత్రాన్ని, గోనెగుడ్డలో చుట్టి మూల పెట్టారు. జియావుద్దీన్ మొదటిరోజు ఆ మూట విప్పి, చేత్తో ఒక్కసారి తిప్పి చూసి, ఇది కొలిమి తిత్తి కదండీ, కంసాలి కాలుకి బదులు ఇంజనే తొక్కుతాది అన్నాడు. పద్దెనిమిదేళ్ళ క్రితం ఇంగ్లీషువాడు రాసిన పుస్తకంలో మూడు పేజీలు పట్టిన సంగతి అది. చదవడం రాని మిస్త్రీ అన్నావు కదా, అందుకని రాస్తున్నాను.

నాన్నకి ఉగాది ముందురోజు కొత్తమాస జాతరకి ఆ బండి మీద నూకాలమ్మ గుడిదాకా వెళ్ళాలని పట్టుదల. జియావుద్దీనూ, వాళ్ళ నాన్న ఖాదర్ మొహిద్దీనూ కలిసి నెలరోజుల్లో ఇంజను విప్పి కడిగి బిగించారు. ఆగిపోయింది ఒక్కచోటే. పెట్రోలు గొట్టం వెనకనుంచి ముందుకి ఏ దారిన వెళ్ళాలి? పాత గొట్టం లేదు. ఎక్కడ చూసినా బొగ్గు గ్యాసు వాళ్ళు కొట్టిన చిల్లులే. అప్పుడు నాన్న నీకు రాశారు. నువ్వు మీ వర్క్‌షాపులో ఆ కంపెనీ పుస్తకం ఉందని చెప్పి బొమ్మ గీసి పంపావు.

ఆ బొమ్మ ఇప్పుడు నా ముందే ఉంది. రెండు పొడవాటి గీతలు, బండి కింద ముందునుంచి వెనక దాకా పోయే ఇనప దూలాలు. వెనక ఒక పెట్టె, ట్యాంకు. ముందు మధ్యలో ఒక పెట్టె, సూపర్‌చార్జరు, దానికి తగిలించిన కార్బురేటరు. ఒక దూలం పక్కనుంచి పెట్రోలు గొట్టం, ఎర్రసిరాతో. అంతే! ఇది కుడి అనీ ఇది ఎడమ అనీ లేదు. స్టీరింగు లేదు. పొగగొట్టం లేదు. కింద నీ సంతకం మాత్రం తోకతో సహా ఉంది.

బొమ్మ వచ్చేనాటికి పొగగొట్టం బండికి లేదు. తుప్పుపట్టి పోయిందని విశాఖపట్నంలో కొత్తది చేయిస్తున్నారు. అది వచ్చి బిగించాక జియావుద్దీన్ దాన్నీ, పక్కనే తను వేసిన పెట్రోలు గొట్టాన్నీ మార్చి మార్చి చూశాడు. పొగగొట్టం పక్కన పెట్రోలేటండీ, వేడెక్కిపోతాది కదా అన్నాడు. ఇంజనీరు గారి బొమ్మలో అలాగే ఉంది, దాని ప్రకారమే చెయ్యి అని జవాబొచ్చింది. ఆ మాట ఎవరన్నారో ఇప్పుడు అనవసరం. నీ బొమ్మ చూసి అన్నారు. అది ముఖ్యం.

పన్నెండో తారీకు బుధవారం పొద్దున్న బండి బయటికి తీశారు. ముందు సీట్లో నాన్న, స్టీరింగు దగ్గర దేముడు, వెనక జియావుద్దీన్. శారదానది వంతెన దాకా బాగానే వెళ్ళిందట. అక్కడ తిత్తి అందుకోగానే బండి ఎగిరి దూకినట్టు పోయిందనీ, నాన్న తలపాగా చేత్తో పట్టుకుని నవ్వారనీ దేముడు చెప్పాడు. తర్వాత ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. పెట్రోలు వేడికి గొట్టంలోనే మరిగి ఆవిరైపోతే ఇంజనుకి ఏమందుతుంది? దేముడు బండి ఆపి దిగి, వంగి చెయ్యి లోపల పెట్టి గొట్టం తడిమాడు. సీసంతో మాటు వేసిన అతుకు వేడికి కరిగి ఊడింది. పెట్రోలు ఎర్రగా కాలుతున్న పొగగొట్టం మీద పడింది.

మంట ఆర్పింది ఎవరో నాన్న నీకు రాశారా? రాసుండరు. దారిన పోతున్న బెల్లం బళ్ళ మీద గోనెలు లాక్కుని, నదిలో ముంచి తెచ్చి కప్పింది జియావుద్దీన్. కనుబొమలు రెండూ కాలిపోయాయి. ఇప్పుడతని ముఖం ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టే ఉంటుంది. తగలబెట్టినవాడు తడిగోనెలు మోసుకొస్తాడా? ఈ ప్రశ్న అరుగు మీద ఒక్కరూ అడగలేదు.

ఖాదర్ మొహిద్దీన్ నిన్న వచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా మన చెరుకు గానుగ ఇంజన్లు చూసిన మనిషి. గుమ్మం దిగువనే నిలబడి, మా వోడు తప్పు సేసుంటే సెయ్యి ఇరగ్గొట్టు బంగారయ్య బావా, కావాలని తగలెట్టేడని మాత్రం అనకు, ఈ రోజుల్లో ఆ మాట మమ్మల్ని బతకనివ్వదు అన్నాడు. నాన్న ఏమన్నారో తెలుసా? నువ్వింక ఎల్లు సాయిబూ అన్నారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకోవడమే విన్నాను. సాయిబు అన్న మాట మనింట్లో ఆయనకి ఎప్పుడు పుట్టింది? నీ ఉత్తరం వచ్చిన రోజు పుట్టింది.

అందరికంటే ఒళ్ళు మండేది జియావుద్దీన్‌ని చూస్తే. గొట్టం అక్కడెందుకు వేశావని ఇనస్పెక్టరు అడిగితే, నాకలా అరదమైందండి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడట. తను సందేహపడ్డానని గాని, అడిగానని గాని, బొమ్మలో కుడిఎడమలు లేవని గాని చెప్పడు.

కాబట్టి నువ్వు రాయి. నీ బొమ్మలో ఏ వైపునుంచి చూసినదో గుర్తు పెట్టలేదనీ, ఎవరికైనా పొరపాటు రావచ్చుననీ ఇనస్పెక్టరుకి నీ చేత్తో రాయి. పొరపాటు అన్న మాట నీ పేరు పక్కన పడితే కొంపలేం మునగవు. ఇంటర్‌లో నీ లెక్కలు ఎవరు చేసిపెట్టారో నేనెవరికీ చెప్పలేదు కదా.

ఇట్లు,
నీ జవాబు కోసం వీధివైపు చూస్తున్న
నూకరత్నం


అనకాపల్లి,
31 మార్చి 1947, సోమవారం.

అన్నయ్యకి నూకరత్నం నమస్కారం.

నీ కార్డు అందింది. నాలుగు వాక్యాలు. ఆడపిల్లలు యంత్రాల గొడవల్లో తలదూర్చకూడదు. చదువు అయిపోయింది కనక అమ్మకి వంటలో సాయం చెయ్యి. డ్రాయింగు సరైనదే. మిగతాది కోర్టు చూసుకుంటుంది. నువ్వు రాసిన నాలుగులో మూడోది నిజం. అది నిజమని నీకంటే బాగా నాకిప్పుడు తెలుసు, ఎందుకంటే నేను తలతో పాటు మిగతా ఒళ్ళు కూడా బండి కింద దూర్చాను.

జాతర అయిపోయింది. నాన్న గుడికి నడిచే వెళ్ళారు. ఆ మర్నాడు ఉగాది. మధ్యాన్నం అందరూ కునుకు తీస్తుంటే కాలిన బండి పెట్టిన షెడ్డు తలుపు తీశాను. అమ్మకి మెలకువ వచ్చి, పండగ పూట ఆ బూడిదలోకి దూరతావేటే, నీకేటి పోయేకాలం అని అరిచింది. అరవనీ అని పైటకొంగు నడుముకి బిగించి, పాత చాప ఒకటి పరుచుకుని వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాను. బండి కిందనుంచి చూస్తే వేరే జంతువులా ఉంటుంది. మసి, కాలిన రబ్బరు వాసన. మంట ఎడమవైపే ఎక్కువ తిన్నది. కుడి దూలం దాదాపు అలాగే మిగిలింది.

మొదటి రోజు ఏమీ అర్థం కాలేదు. రెండు దూలాల నిండా చిల్లులే. ఇన్ని చిల్లుల్లో పెట్రోలు గొట్టం చిల్లులేవో ఎలా తెలుస్తుంది? రెండో రోజు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ ఒక్కొక్క చిల్లులో వేలు పెట్టి చూశాను. అప్పుడు తేడా తెలిసింది. బొగ్గు గ్యాసు వాళ్ళు ఉలితో మోది చేసిన చిల్లులకి లోపలివైపు పెదవులు లేచి వేలు గీరుకుపోతుంది. కంపెనీలో తొలిచే బరమాతో వేసినవి నున్నగా, గుండ్రంగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. కుడి దూలం మీద అలాంటివి తొమ్మిది. ఒకదానికొకటి జానెడున్నర దూరం. తొమ్మిదీ ఒకే వరసలో ట్యాంకు నుంచి ముందుకి నడుస్తాయి. ఒక్కో చిల్లు చుట్టూ చూపుడువేలంత పట్టీ మేర పాత ఆకుపచ్చ రంగు కొత్తదానిలా ఉంది. మిగతా దూలమంతా మూడుసార్లు నల్లరంగు పూశారు. ఆ తొమ్మిది చోట్లా మాత్రం ఏదో కప్పి ఉండబట్టి రంగు తగల్లేదు. గొట్టాన్ని దూలానికి పట్టి ఉంచే రేకు బిళ్ళలు అక్కడుండేవి. వాటి నీడ మిగిలిపోయింది.

ఎడమ దూలం మీద నున్నటి పాత చిల్లు ఒక్కటీ లేదు. జియావుద్దీన్ ఈమధ్య వేసినవి తప్ప.

పెట్రోలు గొట్టం మొదటినుంచీ కుడివైపే ఉంది. పొగగొట్టం ఎడమవైపు. రెంటికీ మధ్య బండి వెడల్పంత దూరం ఉంచాడు కట్టినవాడు. నీ బొమ్మని బల్లమీద పెట్టి పైనుంచి చూస్తే గొట్టం కుడివైపే కనిపిస్తుంది. అదే బొమ్మ బండి కింద పడుకున్నవాడికి గీసిందనుకుంటే ఎడమవైపుకి పోతుంది. కుడిఎడమలు తారుమారు కావడానికి అంతకంటే ఏం కావాలి? మూలన రెండక్షరాలు, పైచూపు అని రాసుంటే దేముడి చెయ్యి ఉండేది. వేళ్ళు ముడుచుకోవడం లేదని డాక్టరు చెప్పాడు. దేముడి భార్య మరిడమ్మ నిన్న మనింటికొచ్చి, మా ఆయన బండి సక్రం ఎలా అట్టుకుంటాడమ్మా అని నన్నడిగింది. నన్నే అడిగింది, అరుగు మీద వాళ్ళని కాదు.

ఇంజనీరువి కదా, చెప్పు, ఆవిడకేం చెప్పమంటావు? డ్రాయింగు సరైనదే అని చెప్పనా?

నువ్వు మూడేళ్ళు ఆ కాలేజీలో ఏం నేర్చుకున్నావో నాకు తెలీదు. ఎవరికోసం గీస్తున్నాడో, ఆ మనిషి ఎక్కడ పడుకుని చూస్తాడో ఆలోచించనివాడు గీసింది ఎంత సరైనదైతే ఏం లాభం? నేను విశాఖపట్నంలో బి.ఎ. గణితం పాసై ఏడాదిగా ఇంట్లో కూర్చున్నాను. ఎమ్మే చదువుతానంటే ఇంకెందుకన్నారు. టీచరు ట్రయినింగు అంటే పెళ్ళయ్యాక వాళ్ళిష్టం అన్నారు. లెక్కలు రెండుసార్లు తప్పినవాడిని మాత్రం మద్రాసు పంపారు. పంపినందుకు నువ్వు పంపింది రెండు గీతలూ ఒక సంతకమూ. వాటితో ఒక మనిషి చెయ్యి పోయింది, ఇంకో మనిషి జైలు గుమ్మంలో ఉన్నాడు. పైగా ఉచితంగా మతం మాట ఒకటి.

రేపు ఇనస్పెక్టరు మనింటికి వస్తాడట, నాన్న వాంగ్మూలం రాసుకోవడానికి. అది సంతకం అయితే జియావుద్దీన్‌ని విశాఖపట్నం తీసుకుపోతారు. నేను కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచాను. నాన్న నన్ను ముందు గదిలోకి రానిస్తారో లేదో చూడాలి.

నువ్వు మాత్రం రాకు. రాసీ ప్రయోజనం లేదు, సమయం దాటిపోయింది.

ఇట్లు,
నీ మీద పట్టరాని కోపంతో
నూకరత్నం

తా.క. 2 ఏప్రిల్, బుధవారం. ఈ ఉత్తరం సోమవారమే అంటించాను, పోస్టులో వెయ్యలేదు. ఇవాళ మళ్ళీ చింపి ఇది కలుపుతున్నాను. పైన రాసినదంతా ఒకసారి చదివాను. ఒక్క అబద్ధం లేదు. ఒక్క నిజం మాత్రం తక్కువైంది.

నీ బొమ్మ వచ్చిన రోజు జియావుద్దీన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని ముందు బల్ల మీద పెట్టి చూశాడు. తర్వాత తల మీదికెత్తి, మెడ వెనక్కి వాల్చి చూశాడు. చూసి, ఇది పైనుంచి సూసినట్టా, బండికింద ఎల్లకిలా తొంగుని సూసినట్టా సిన్నమ్మగారూ అని అడిగాడు. నాకు తెలీదు. తెలీదని చెప్పలేదు. మిస్త్రీలు కింద పడుకునే కదా పని చేస్తారు, వాళ్ళకోసమే గీసుంటారని ఒక్క క్షణంలో అనుకుని, కిందనుంచే అన్నాను. పొగగొట్టం బిగించాక అతను మళ్ళీ అడిగినప్పుడు, బొమ్మ ప్రకారమే చెయ్యి అన్నదీ నేనే. అన్నయ్యగారికి ఒక కార్డు ముక్క రాసి కనుక్కోండమ్మా అని బతిమాలాడు. అక్కర్లేదన్నాను. నీకు రాసి అడిగితే నీకు తెలుసనీ నాకు తెలీదనీ ఒప్పుకున్నట్టవుతుంది. అందుకు రాయలేదు. ఆ కార్డు రాసుంటే నువ్వు విర్రవీగుతూనైనా జవాబిచ్చేవాడివి.

మధ్యాన్నాలు నాన్న బెల్లం మార్కెట్లో ఉండే వేళ నేను షెడ్డులో ఉండేదాన్ని. బొమ్మ చదివి చెప్పేది నేను. అది అమ్మకీ తెలీదు. అతను నోరు విప్పాలంటే ఆ సంగతి చెప్పాలి. వర్తకుడి పెళ్ళికాని కూతురు, తురకల అబ్బాయి, మూసిన షెడ్డు, ఈ సంవత్సరం. అందుకని నాకలా అరదమైందండి అని ఊరుకున్నాడు. ఎందుకు ఊరుకున్నాడో నాకు మొదటి రోజే తెలుసు. మూడు వారాలు ఊరుకోనిచ్చాను. నా పేరు కాపాడమని ఎవరడిగారు అని అతని మీద కూడా మండిపడుతూ ఊరుకోనిచ్చాను.

నిన్న ఇనస్పెక్టరు ముందు, నాన్న ముందు ఇదంతా చెప్పాను. షెడ్డులో ఇంకెవరుండేవారని అడిగాడు. మేమిద్దరమే అన్నాను. ఎన్ని రోజులు అన్నాడు. పదకొండు అన్నాను. రాసుకున్నాడు. నాన్న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నారు. అప్పటినుంచీ నాతో మాట్లాడలేదు. ఊరు మొకం ఎలా సూడాలే అని అమ్మ ఏడుస్తోంది. తాళాల గురించి రాసిన ఆ వాక్యానికి నువ్వు ఖాదర్ మొహిద్దీన్‌కి జవాబు చెప్పాలి. అది నా తప్పు కిందికి రాదు, దాని మీద కోపం అలాగే ఉంది. బొమ్మ విషయంలో తిట్టిన తిట్లు మాత్రం సగం నావి.

నిన్న సాయంత్రమే వాళ్ళ దుకాణానికి వెళ్ళాను, ఇంకా పొద్దుండగానే, నడి వీధిలోంచి. క్షమించమని అడగబోయాను. జియావుద్దీన్ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. ఇన్నాళ్ళలో అతను గొంతు పెంచడం అదే మొదటిసారి. మీరిప్పుడు సెప్పి నన్ను బయటపడేసేరు, బాగానే ఉంది, ఆ రోజు తెలీదని ఒక్క ముక్క సెప్పుంటే నేనే దూలాలు తడిమి సూసుకుందును కదండీ, నాకు సేతకాదా, సదువుకున్నోరు కదా అని మీ మాట ఇన్నాను, దేముడికి ఏటి సెప్పమంటారు అన్నాడు.

ఇంకా తిడతాడని నిలబడ్డాను. అతను సుత్తి తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.